రామన్ గారి కళ్లు

మా నాన్న చిక్కపేటలో ఒక పట్టుచీరల అంగడిలో 27 ఏళ్లుగా పని చేస్తున్నాడు. చీరకి సరిపోయే రవిక గుడ్డ వెతికి జత చేయడం ఆయన పని. అంగడి లోపల ట్యూబులైటు కింద ఒక్కటే అనిపించిన రెండు రంగులు, వీధిలోకి తెచ్చేసరికి విడిపోతాయి. అందుకే గుడ్డ చించే ముందు నాన్న దాన్ని గుమ్మం దాకా తెచ్చి, ఎండలో పరిచి చూపిస్తాడు. చిక్కపేట సందుల్లో ఎండ పడే చోటు దొరకడమే కష్టం, అది వేరే సంగతి.

నిరుడు దీపావళి ముందు నాన్న ఒక నల్ల చీరకి ముదురు నీలం రవిక జత చేసి ఇచ్చాడు. తీసుకున్నావిడ మర్నాడు తిరిగొచ్చింది. ఒకసారైతే ఎవరికైనా జరుగుతుంది. పది రోజుల్లో మళ్లీ జరిగింది. నాన్న ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. నెమలికంఠం, వంకాయ, ఉల్లిపొర, వక్కపొడి, గచ్చకాయ అంటూ నాకు రంగుల పేర్లు నేర్పింది ఆయనే. అమ్మ కన్నడం, నాన్న తెలుగు. ఇంట్లో ఏ మాటైనా రెండు భాషల్లోనూ నడుస్తుంది గానీ, చీర రంగులకి మాత్రం అమ్మ కూడా నాన్న మాటలే వాడుతుంది.

కంటి డాక్టరు శుక్లం అన్నారు. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుందట, అది నీలం వెలుగుని లోపలికి రానివ్వదట. మనిషికి ఆ సంగతి తెలియదు. ఎందుకంటే మార్పు రోజుకి రవ్వంత వస్తుంది, మనసు ఎప్పటికప్పుడు సర్దుకుపోతుంది. ఆపరేషనయ్యాక నాన్న మేడ మీద నిలబడి ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఇంత నీలమా అని రెండుసార్లు అడిగాడు.

ఆ సమయంలోనే నేను సైకాలజీ పేపరుకి సంవేదన, ప్రత్యక్షం అనే పాఠం చదువుతున్నాను. వెలుగు కంట్లో పడి నరాన్ని కదిలించడం సంవేదన. దాన్ని మనసు ఇది నీలం, ఇది చీర, ఇది నాది అని పోల్చుకోవడం ప్రత్యక్షం. పాఠం నాలుగు పేజీలే. మిగతాది వెతుక్కుంటూ పోతే మన ఊరివాడే దొరికారు, సర్ సి.వి. రామన్. నోబెల్ బహుమతి రామన్ అందరికీ తెలుసు. బహుమతి వచ్చాక 30 ఏళ్లకి, 70 దాటిన వయసులో, మనిషికి రంగు ఎలా తెలుస్తుందని బెంగళూరులో కూర్చుని పువ్వుల్ని చూసిన రామన్ గురించి నాకు తెలియదు. మీలో చాలామందికి కూడా తెలియదనుకుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పుట్టింది తమిళనాట తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో, 1888 నవంబరు 7న. ఊహ తెలిసింది మాత్రం మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీకి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. రామన్ పదకొండో ఏట మెట్రిక్, పదమూడో ఏట ఎఫ్.ఎ. అక్కడే పాసయ్యారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బి.ఎ., 1907లో ఎం.ఎ., రెంటిలోనూ మొదటి స్థానం. మొదటి పరిశోధన వ్యాసం లండన్ పత్రికలో అచ్చయ్యేనాటికి ఆయనకి 18 ఏళ్లు. అంటే నాకంటే ఒక ఏడాది చిన్న. ఈ లెక్క వేసుకోకుండా ఉండాల్సింది.

ఆ రోజుల్లో తన మీద ముద్ర వేసిన పుస్తకాల్లో ఒకటి జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ రాసినదని రామన్ తర్వాత చెప్పుకున్నారు. అది స్వరాల సంవేదన గురించిన పుస్తకం. హెల్మ్‌హోల్ట్స్ మొదట డాక్టరు, తర్వాత భౌతికశాస్త్రజ్ఞుడు. చెవికి స్వరం ఎలా తెలుస్తుంది, కంటికి రంగు ఎలా తెలుస్తుంది అన్న రెండు ప్రశ్నలకీ పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆయన పోయేనాటికి రామన్‌కి ఆరేళ్లు కూడా నిండలేదు. గురువుని చూడకుండానే నేర్చుకున్న ఏకలవ్యుడి కథ ఇక్కడ గుర్తుపెట్టుకోండి. చివర్లో మనకి అవసరం పడుతుంది.

1907లో రామన్ కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగంలో చేరారు. ట్రాములో వెళ్తూ బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ బోర్డు చూసి దిగి లోపలికి వెళ్లారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పొద్దున ఆఫీసుకి ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత అక్కడే. భార్య లోకసుందరి వీణ వాయించేవారు. వయొలిన్, వీణ, తంబురా, మృదంగం, తబలా, వీటి మీదే ఆయన తొలి పనిలో చాలా భాగం నడిచింది.

మృదంగం సంగతి కొంచెం ఆగి చెప్తాను, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. తోలు బిగించిన మామూలు డోలుని కొడితే ఒక శబ్దంతో పాటు పైస్థాయి శబ్దాలు కూడా పుడతాయి. వాటి మధ్య నిష్పత్తులు పొసగవు, అందుకే చెవికి చప్పుడు తెలుస్తుంది గానీ శ్రుతి తెలియదు. మన మృదంగం కుడి మూత మధ్యలో నల్లటి ముద్ద పొరలు పొరలుగా పూస్తారు కదా, ఆ బరువు వల్ల పైశబ్దాలు ఒకటికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లుగా వరసలో పడతాయి. అప్పుడు చెవి దాన్ని స్వరంగా వింటుంది. 1920లో రామన్, శివకాళీ కుమార్ కలిసి దీన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. పేరు తెలియని మన వాద్యం చేసేవాళ్లు ఏ లెక్కా లేకుండా చెవితోనే అక్కడికి చేరుకున్నారు. మా నాన్న గుమ్మం దగ్గర చేసే పని కూడా అలాంటిదే అని నేనంటే అమ్మ నవ్వుతుంది.

1917లో ఆయన పెద్ద జీతం ఉద్యోగం వదిలేసి, దాదాపు సగం జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసరుగా చేరారు. 1921లో మొదటిసారి ఇంగ్లండు వెళ్లారు. మధ్యధరా సముద్రం నీలం ఆయన్ని పట్టేసింది. విశాఖ సముద్రం పక్కన పెరిగినవాడికి ఆ నీలం కొత్తేమీ కాదు, కానీ ఈసారి ప్రశ్నగా కనబడింది. సముద్రం నీలంగా ఉండేది ఆకాశం దాంట్లో ప్రతిఫలించడం వల్లే అని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నారు. రామన్ తిరుగు ప్రయాణంలో నార్కుండా ఓడ మీద నిలబడి, నికోల్ పట్టకం కంటికి అడ్డుపెట్టి నీళ్లని చూశారు. ఆ పట్టకం సరైన కోణంలో పట్టుకుంటే నీటి మీద నుంచి ప్రతిఫలించే వెలుగుని ఆపేస్తుంది. ఆకాశం ప్రతిబింబం పోతే నీలం పోవాలి. పోలేదు సరికదా, ఇంకా చిక్కనైంది. నీటి అణువులే వెలుగుని చెదరగొడుతున్నాయని ఆయన తేల్చి, ఓడ బొంబాయి చేరేసరికి వ్యాసం సిద్ధం చేశారు.

దానికి కొనసాగింపుగా 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్. ఇది మనం ఆరో తరగతి నుంచి బట్టీ పట్టిందే, కాబట్టి ఫలితం వదిలేసి దాన్ని చూసిన పద్ధతి చెప్తాను. ఎండని లెన్సుతో పోగుచేసి, నీలం ఊదా వెలుగుని మాత్రమే వదిలే గాజుబిళ్ల గుండా ద్రవంలోకి పంపారు. ఇటువైపు, కంటికి ముందు, ఆ వెలుగుని పూర్తిగా ఆపేసే పసుపుపచ్చ బిళ్ల పెట్టారు. ద్రవం వెలుగు రంగుని మార్చకపోతే కంటికి చీకటి తప్ప ఏమీ కనబడకూడదు. కానీ మసకగా ఒక జాడ కనబడింది. అలాంటి జాడ 1923లోనే ఆయన విద్యార్థికి కనబడింది, అప్పుడు ద్రవంలో మలినం అనుకున్నారు. ఇప్పుడు ఆయన, కె.ఎస్. కృష్ణన్ ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుభ్రం చేసినా అది పోలేదు.

అంత మసక వెలుగు చూడాలంటే కళ్లు ముందు చీకటికి అలవాటు పడాలి. కంటి రెప్ప మూసినంత పని కాదు, అరగంట దాటుతుంది. మన రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి: పగటికి శంకు కణాలు, రాత్రికి దండ కణాలు. దండ కణాలకి రంగు తెలియదు గానీ కొద్దిపాటి వెలుగు కూడా చాలు. సంధ్యవేళ కరెంటు పోయినప్పుడు చూడండి, ఎర్ర అంచు నల్లబడుతుంది, ఆకుపచ్చ ఇంకా కనబడుతూ ఉంటుంది. పని చేతులు మారుతున్న సమయం అది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, 1930 నోబెల్ వెనకున్న పనిలో ముఖ్యమైన పరికరం మనిషి కన్నే. రామన్ తన కంటిని నమ్మారు, కన్ను ఆయన్ని మోసం చేయలేదు. ఆ నమ్మకమే తర్వాత చిక్కు తెచ్చింది.

1933లో ఆయన బెంగళూరుకి వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి మొదటి భారతీయ డైరెక్టరయ్యారు. ఇక్కడ ఒక సంగతి దాటవేస్తే మన కాలేజీ గోడ మీద ఈ వ్యాసం ఉండకూడదు. ఆ ఏడే బొంబాయి నుంచి కమలా భాగ్వత్ అనే అమ్మాయి, తర్వాత కమలా సోహోనీ, డిగ్రీలో మొదటి స్థానం తెచ్చుకుని సీటు అడిగితే, ఆడపిల్ల అన్న కారణంతో రామన్ కాదన్నారు. ఆమె ఊరుకోలేదు, సత్యాగ్రహం చేస్తానంది. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు. మొదటి ఏడాది పరీక్షాకాలం, గురువు చెప్తే రాత్రిళ్లు కూడా పని, మగ విద్యార్థుల దృష్టి చెదరకూడదు. ఆమె అన్నీ నెగ్గి, 1939లో కేంబ్రిడ్జి నుంచి పిహెచ్.డి. తెచ్చుకుంది. ఆ అనుభవం తర్వాత అక్కడ అమ్మాయిలకి తలుపు తెరుచుకుంది. 1940లో రామన్ ల్యాబులో చేరిన అన్నా మణి వజ్రాల, కెంపుల వర్ణపటాల మీద అయిదు వ్యాసాలు రాసింది; ఎం.ఎస్సీ. లేదన్న సాకుతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకి డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె తర్వాత వాతావరణ పరికరాల్లో పెద్ద పేరు తెచ్చుకుంది. రామన్‌ని నేను ఇష్టపడుతూనే ఈ పేరా రాశాను. రెండూ నిజమే.

రామన్‌కి తెలుగు శిష్యులూ ఉన్నారు. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన సూరి భగవంతం 1928లో కలకత్తాలో ఆయన దగ్గర చేరారు. వెలుగు కణానికి భ్రమణం ఉందని ప్రయోగంతో చూపింది వీళ్లిద్దరే. భగవంతం తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు, 1957లో గురువు కూర్చున్న ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు కుర్చీలోనే కూర్చున్నారు. రామన్ పోయాక లండన్ రాయల్ సొసైటీకి ఆయన జీవితం రాసిచ్చింది కూడా భగవంతమే. 

గురువు మాత్రం ఆ కుర్చీలో ఎక్కువ కాలం లేరు. తగాదాలు వచ్చాయి, 1937లో డైరెక్టరు పదవి వదిలారు, 1948 దాకా ప్రొఫెసరుగా ఉన్నారు. తర్వాత మైసూరు మహారాజు ఇచ్చిన స్థలంలో, ఇప్పటి మేఖ్రి సర్కిల్ దగ్గర, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. 1954లో భారతరత్న.

ఇక అసలు సంగతికి వచ్చాను. 1960 తర్వాత రామన్ ఈ ఇన్‌స్టిట్యూట్ తోటలో గులాబీలు, పువ్వులు, ఆకులు చూస్తూ రంగు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు. పువ్వుల వర్ణపటాలు తీశారు. ఒక తమాషా పద్ధతి కూడా కనిపెట్టారు. రంగు బిళ్ల కంటికి అడ్డుపెట్టుకుని, వెలుగుతున్న తెల్ల తెరని కాసేపు కదలకుండా చూడాలి. తర్వాత బిళ్ల ఠక్కున తీసేయాలి. అప్పుడు తెర మీద మన రెటీనా నడిమి భాగమే పెద్దదై, ఒక క్షణం బొమ్మలా కనబడుతుందని ఆయన చెప్పారు. తన కంటి లోపలిని తన కంటితోనే చూడటం అన్నమాట. నేను ఎర్ర జిలుగు కాగితంతో, మేడ మీద ఆరేసిన దుప్పటితో చేసి చూశాను. దుప్పటంతా ఒక్క క్షణం ఆకుపచ్చగా మారింది. అంతే. రామన్ చూసింది నాకు కనబడలేదు. ఎరుపుకి అలసిన కణాలు తగ్గడం వల్ల ఆకుపచ్చ పైకి వస్తుందని మా పాఠంలో ఉంది.

ఈ పరిశీలనలన్నీ కలిపి 1968లో కంటిచూపు శరీరధర్మం మీద పుస్తకం వేశారు. అందులో ఆయన ఎక్కుపెట్టిన బాణం ఎవరి మీదంటే, తన ఏకలవ్య గురువు హెల్మ్‌హోల్ట్స్ మీద. యంగ్, హెల్మ్‌హోల్ట్స్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం కంట్లో మూడు రకాల రంగు గ్రాహకాలే ఉన్నాయి, రంగులన్నీ ఆ మూడింటి పాళ్లే. రామన్ ఒప్పుకోలేదు. వర్ణపటంలో ఒక కొస నుంచి ఇంకో కొసకి కన్ను ఎన్నో ఛాయలు వేరు చేస్తుంది. అంత సూక్ష్మం మూడింటితో ఎలా సాధ్యం అన్నారు. ముఖ్యంగా పసుపు. ఎండలో అన్నిటికంటే ప్రకాశంగా కనబడే పసుపుకి సొంత గ్రాహకం లేదు, అది ఎరుపు ఆకుపచ్చల కలయిక మాత్రమే అనడం ఆయనకి కంటికి ఎదురుగా అబద్ధం చెప్పినట్టు అనిపించింది.

అప్పటికే నాలుగేళ్ల కిందట, 1964లో, అమెరికాలో రెండు ప్రయోగశాలలు ఒక్కొక్క శంకు కణం మీద సన్నటి వెలుగు వేసి కొలిచాయి. మూడు రకాలే తేలాయి. కంటి శాస్త్రజ్ఞులు రామన్ పుస్తకాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇది చదివినప్పుడు నాకు కష్టంగానే అనిపించింది. రామన్ నెగ్గాలని ఉంది. కానీ ఆలోచిస్తే మా నాన్న గుమ్మమే ఆయనకి ఎదురు సాక్ష్యం చెప్తోంది. చీర రంగు, రవిక రంగు వేరే వేరే అద్దకాలు. వాటి నుంచి వచ్చే వెలుగుని విడగొడితే రెండూ ఒకలా ఉండవు. కానీ ట్యూబులైటు కింద రెండూ ఆ మూడు రకాల కణాల్ని ఒకే పాళ్లలో కదిలిస్తే కంటికి తేడా తెలిసే దారి లేదు. ఎండలోకి వస్తే వెలుగు మారింది, పాళ్లు మారాయి, జత విడిపోయింది. ప్రతి తరంగానికీ కంట్లో వేరే గుర్తింపు ఉంటే ట్యూబులైటు కిందే విడిపోవాలి. చెవి అలాగే చేస్తుంది: వీణ తీగలు రెండు ఒకేసారి మీటితే రెండూ వినబడతాయి, కలిసి మూడో స్వరం అయిపోవు. కన్ను అలా కాదు. మీ ఫోను తెర మీద చిన్న నీటిచుక్క వేసి పసుపు బొమ్మని చూడండి, చుక్క కింద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే ఉంటాయి, పసుపు ఎక్కడా ఉండదు. చెవిని అంత బాగా అర్థం చేసుకున్న రామన్ కంటిని కూడా చెవిలాగే ఊహించుకున్నారేమో అని నాకు అనుమానం. మిశ్రమాల సంగతి ఆయనకి తెలియక కాదు, వాటికి ఆయన వేరే వివరణ ఇచ్చుకున్నారు.

పసుపు విషయంలో మాత్రం ఆయన పూర్తిగా ఓడిపోలేదు. శంకు కణాలు మూడే అయినా, అవి పంపిన కబురు మెదడుకి నేరుగా చేరదు. దారిలోనే పోలికలు జరుగుతాయి, ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ, నీలానికి ఎదురు పసుపు. అమెరికాలో హర్విచ్, జేమ్సన్ అనే దంపతులు 1950లలో దీన్ని కొలతలతో చూపించారు. మన అనుభవంలో పసుపు ఎరుపులా లేదు, ఆకుపచ్చలా లేదు, తనకి తానే ఒక రంగు. రామన్ కన్ను సరిగ్గానే చూసింది, ఆ తేడా గ్రాహకాల్లోనే ఉండాలనుకోవడం దగ్గర పొరబడ్డారు. సంవేదనకీ ప్రత్యక్షానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని మా నాలుగు పేజీల పాఠం చెప్పలేదు.

ఇంకో మాట, ఇది ఎక్కడా చదివింది కాదు, నాదే. ఆ పుస్తకం వచ్చేనాటికి రామన్‌కి 80 ఏళ్లు. ఆ వయసులో ఎవరి కటకమైనా ఎంతో కొంత పసుపు తిరుగుతుంది. 40 ఏళ్ల కిందట ద్రవంలో మసక జాడని పట్టిన పరికరమే ఇదీ, కానీ పరికరం పాతబడింది. దాన్ని వాడుతున్నవాడికి ఆ సంగతి లోపలి నుంచి తెలియదు. నల్ల చీరకి నీలం రవిక ఇచ్చిన రోజు మా నాన్నకి తన చూపు మీద ఎంత నమ్మకం ఉందో నేను చూశాను. తిరిగి తెచ్చినావిడతో ఆయన గట్టిగా వాదించాడట, ఇది నలుపే అని. రామన్‌కి అలా తిరిగి తెచ్చి చూపించేవాళ్లు చుట్టూ తక్కువ. వ్యాసాలు ఎక్కువగా తాను స్థాపించిన పత్రికల్లోనే వేసుకునేవారు.

ఏటా అక్టోబరు 2న ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన గాంధీ స్మారక ఉపన్యాసం ఇచ్చేవారు. 1970లో ఇచ్చిన చివరిది చెవి గురించి, వినికిడి గురించి. మళ్లీ హెల్మ్‌హోల్ట్స్ మొదటి ప్రశ్న దగ్గరికే వచ్చారన్నమాట. ఆ నెలాఖరులో ల్యాబులోనే కుప్పకూలారు. ఆసుపత్రి నుంచి పట్టుబట్టి తోటకే తిరిగొచ్చి, నవంబరు 21న పోయారు. ఆయన్ని ఆ తోటలోనే దహనం చేశారు. సమాధి కట్టలేదు, ఒక చెట్టు నాటారు. ప్రిమవేరా అంటారు దాన్ని, మన రోడ్ల మీది టబెబూయాలకి చుట్టం. పూలు పసుపు.

ఇదంతా నాన్నకి రాత్రి అన్నం తింటూ చెప్పాను. తగాదా మొత్తం విని, ఆ చెట్టు పసుపు ఏ పసుపని అడిగాడు. మామిడిపండా, నిమ్మా, పసుపుకొమ్మా? నాకు తెలియలేదు. ఎండాకాలం మొదట్లో పూస్తుందట. ఒక ఆదివారం మెజెస్టిక్‌లో బస్సెక్కి ఇద్దరం మేఖ్రి సర్కిల్ దాకా వెళ్లి, లోపలికి రానిస్తారేమో అడుగుదామనుకున్నాం. మధ్యాహ్నం వెళ్దామన్నాడు, ఎండ బాగుంటుందని.